ఆదివారం పడుగు

మా బజారు బాగుపడింది. ఆ మాట అనాలంటే నాకు నోరు చేదెక్కుతుంది. కానీ అందరూ అంటున్నారు, పేపర్లో కూడా వేశారు, కాబట్టి నేనూ అంటున్నాను. మంగళగిరిలో మా పాత నేతబజారుకి ఇప్పుడు ఎర్ర టైల్స్ ఉన్నాయి, వంపు తిరిగిన దీపస్తంభాలున్నాయి, ఇనప బల్లలున్నాయి, నిలబడి ఫోటో దిగడానికి ఒక రంగుల గోడ ఉంది. సుబ్బరత్నానికి మాత్రం పని చేసుకునే చోటు లేదు. ఆవిడ గురించి రాద్దామని కూర్చున్నాను. రాస్తుంటే దుర్గాప్రసాద్ మీద, మా కమిటీ మీద, అందరికంటే ఎక్కువగా నా మీద నాకే రోత పుడుతోంది. పుట్టనీ.

సుబ్బరత్నం పదిహేడో ఏట తెనాలి వైపు నుంచి ఈ బజారుకు కోడలిగా వచ్చింది. అత్తవారిది పడుగులకు గంజి పెట్టే ఇల్లు. నేతకు నిలువుగా ఉండే నూలు పడుగు. అది మగ్గం ఎక్కే ముందు దాన్ని వీధి పొడుగునా ముప్పై గజాలు చాచి కట్టి, గంజి పట్టించి, పెద్ద కుంచెతో దువ్వి, పోగుకు పోగు అంటుకోకుండా ఆరబెట్టాలి. ఆ పని సరిగ్గా జరిగితేనే నూలుకు బలం. లేకపోతే మగ్గం మీద టపటపా తెగుతుంది. మామ తర్వాత భర్త జక్కయ్య చేశాడు. జక్కయ్య నడుం పడిపోయాక ఇరవై ఏళ్లుగా ఆవిడే చేసింది. పడుగు ఎవరిదైతే ఆ ఇంటివాళ్లు ఇద్దరు ముగ్గురు వచ్చి చెయ్యి వేసేవారు. కుంచె మాత్రం ఇంకొకరికి ఇచ్చేది కాదు.

గంజి చిక్కదనం వేళ్ల మధ్య రాసి చూసేది. మబ్బు పట్టిన రోజు ఒక రకంగా, పడమటి గాలి వీచే రోజు ఇంకో రకంగా కాచేది. తెల్లవారుతుండగా మొదలుపెట్టి, ఎండ ముదరకముందే చుట్టేయాలి. ఆ రెండు గంటలూ బజారు ఆవిడది. పాలవాడు, పేపరువాడు పక్కసందులోంచి తిరిగి వెళ్లేవారు. కొత్తగా వచ్చిన బ్యాంకు మేనేజరు ఒకాయన తొందరలో పడుగు కింద నుంచి దూరబోతే, "మీ తలనూనె నా నూలుకంటితే ఎవరు ఉతుకుతారండీ, మీ బ్యాంకా?" అని నిలబెట్టేసింది. ఆయన కుదురుగా వెనక్కి తిరిగి సందు వెంట పోయాడు. మర్నాటి నుంచి నమస్కారం కూడా పెట్టేవాడు.

నాకు ఆ బజారులోనే బట్టల కొట్టుంది. నా పేరు రామకోటేశ్వరరావు. ఆవిడ ఇంటి పక్కనే పుట్టి పెరిగాను, ఆవిడను అక్కా అనే పిలుస్తాను. కొన్నేళ్లుగా మాకు బేరాలు పడిపోయాయి. జనం హైవే పక్కన షోరూములకు పోతున్నారు, లేదంటే కృష్ణ దాటి బెజవాడ పోతున్నారు. మధ్యాహ్నం పూట కొట్లో కూర్చుంటే ఫ్యాను చప్పుడు తప్ప ఇంకేమీ వినపడేది కాదు. అందుకని కొట్లవాళ్లమంతా కలిసి బజారు అభివృద్ధి కమిటీ పెట్టుకున్నాం. దుర్గాప్రసాద్ అధ్యక్షుడు. బజారు మొదట్లో మూడంతస్తుల షాపు అతనిదే. బయట చేనేత అని బోర్డు, లోపల బీరువాల నిండా మిల్లు చీరలు. నేను కార్యదర్శిని.

విజయవాడ నుంచి అక్షయ అనే డిజైనరు అమ్మాయిని పిలిపించాం. నిజం చెప్పాలంటే మా అందరిలో బుద్ధిగా పనిచేసింది ఆ పిల్ల ఒక్కతే. వరుసగా నాలుగు రోజులు తెల్లవారకుండానే వచ్చి పడుగు పని చూసింది. తర్వాత వేసిన ప్లానులో వీధి మధ్య భాగం మొత్తం ఖాళీగా వదిలేసింది. మొక్కల తొట్లు, బల్లలు, దీపాలు అన్నీ రెండు పక్కలా కొట్ల వారగా పెట్టింది. అలా పెట్టాలంటే ఒకటే షరతు. కొట్లవాళ్లు వీధిలోకి పెంచుకున్న మెట్లు రెండేసి అడుగులు వెనక్కి తీసుకోవాలి.

ఇక్కడ మా యోగ్యత చెప్పాలి. ఆ రెండడుగులూ మావి కావు. తలా ఒక అరుగు, తలా రెండు మెట్లు వీధిలోకి తోసుకుని, వాటి మీద బొమ్మకు చీర కట్టి నిలబెట్టిన ఘనులం మేమంతా. నాది అందరికంటే ఒక జానెడు ఎక్కువే ఉంటుంది.

మీటింగు దుర్గాప్రసాద్ షాపు పైఅంతస్తులో జరిగింది. సుబ్బరత్నాన్ని ఎవరూ పిలవలేదు, విని తనే వచ్చింది. గుమ్మం దగ్గర నిలబడే మాట్లాడింది.

"బాబూ, మీరు ఎన్ని సోకులైనా చేసుకోండి. నడిమధ్యలో మాత్రం ఏం పెట్టమాకండి. పొద్దున్నే రెండు గంటలు చాలు నాకు. ఏడు మగ్గాలు ఆడతన్నయ్ ఆ రెండు గంటల మీద."

"అయ్యో పిన్నీ, నువ్వు ఇంతగా చెప్పాలా? బజారంటేనే నువ్వు. కాఫీ తాగి వెళ్లు," అన్నాడు దుర్గాప్రసాద్.

ఆవిడ కాఫీ తాగలేదు. మెట్లు దిగి వెళ్లిపోయింది. ఆవిడ చెప్పుల చప్పుడు వినపడడం మానేశాక, మెట్ల సంగతి చర్చకొచ్చింది. మెట్లు తీస్తే కొట్టుకు కళ పోతుందని ఒకాయన అన్నాడు. వాస్తు దెబ్బతింటుందని ఇంకొకాయన అన్నాడు. తొట్లు పక్కన పెట్టే బదులు మధ్యలోకి జరిపితే ఎవరికీ నష్టం ఉండదు కదా అన్నాడు దుర్గాప్రసాద్. ఎవరికీ నష్టం ఉండదట. పావుగంట కూడా కాలేదు ఆవిడ వెళ్లి.

అక్షయ లేచి, "అలా చేస్తే పడుగు సాగదు సర్. ఆవిడకు ఇప్పుడేగా మాటిచ్చారు," అంది.

"అమ్మా, మీరు గీయడం వరకు చూడండి," అన్నాడతను. ఒప్పుకున్నవాళ్లు చేతులెత్తమన్నాడు.

నేను ఆ జానెడు మెట్టు గురించి ఆలోచించాను. నా చెయ్యి లేచింది. ఎవరూ నన్ను బలవంతపెట్టలేదు, భయపెట్టలేదు. అంత నీచంగా, అంత తేలిగ్గా లేచింది. అక్షయ కాగితాలు చుట్టుకుని వెళ్లిపోయి మళ్లీ రాలేదు. ప్లానులో తొట్లు మార్చడానికి దుర్గాప్రసాద్ వేరే మనిషిని పెట్టుకున్నాడు.

వీధి నడుమ తొమ్మిది సిమెంటు తొట్లు కట్టారు. ప్రతి దాంట్లోనూ నర్సరీ నుంచి తెచ్చిన ఒక తాటిజాతి మొక్క. మొదటి తొట్టి పోస్తున్న రోజు సుబ్బరత్నం వచ్చి దాని పక్కన కాసేపు నిలబడింది. తర్వాత నా కొట్టు వైపు చూసింది. నేను గిరాకీ లేని కౌంటరు మీద బట్ట మడతపెడుతూ తల దించుకున్నాను.

ఆవిడ ఊరుకోలేదు. పడుగును పొలాల వైపు రోడ్డు మీదకు పట్టుకెళ్లింది. అక్కడ గాలికి అడ్డు లేదు. కుంచె పడకముందే గంజి ఆరిపోయి పోగులు అట్టకట్టాయి. రెండో వారం ఇసుక ట్రాక్టరు ఒకటి పడుగు మీదుగానే పోయింది. డ్రైవరు ఆగి, "రోడ్డు మీద దారాలేంటమ్మా?" అని తిట్టి మరీ వెళ్లాడు. అది అంకమ్మరావు పడుగు. పెళ్లి చీరలకు పెట్టుకున్న నూలు. ఆ తర్వాత అంకమ్మరావు మగ్గం కింద కాళ్లాడించే గుంట పూడ్చి, అపార్టుమెంటుకి వాచ్‌మన్‌గా పోయాడు. మిగిలిన ఆరిళ్లలో నాలుగు అదే దారి పట్టాయి. ఉన్న రెండూ మిల్లులో గంజి పెట్టి వచ్చిన నూలు తెచ్చుకుంటున్నాయి. ఒకప్పుడు తడిమి చూసి, ఇది అక్క గంజి పెట్టిన పడుగు అని చెప్పేవాణ్ణి. ఈ బట్ట తడిమి చూస్తే నాకు ఏమీ తెలియదు. అంటే, బట్ట అని మాత్రం తెలుస్తుంది.

బజారు ప్రారంభోత్సవానికి ముందు గోడ మీద బొమ్మ వేయించారు. ఒక ఆడమనిషి వంగి కుంచెతో పడుగు దువ్వుతున్న బొమ్మ. ముఖం సుబ్బరత్నానిదే, ఎవరి ఫోనులోనో ఉన్న ఫోటో చూసి గీశారు. ఆ బొమ్మలో వీధి మధ్య తొట్లు లేవు. గీసినవాడికి ఉన్న జ్ఞానం మాకు లేకపోయింది.

ఆ తర్వాత దుర్గాప్రసాద్‌కి ఇంకో ఆలోచన వచ్చింది. ఆదివారాలు బెజవాడ నుంచి జనం కార్లలో వస్తున్నారు కదా, వాళ్లకు పడుగు పని చూపిస్తే బాగుంటుందన్నాడు. రెండు తొట్ల మధ్య మూడు గజాల చోటుంది. అంత పడుగు చాలన్నాడు, ఫోటోలో ఎలాగూ అంతే పడుతుందన్నాడు. నూలు కూడా తనే ఇప్పించాడు, తళతళలాడే పాలియెస్టరు. ఆవిడ ఒప్పుకోదని నేను మనసులో పందెం కాసుకున్నాను. ఒప్పుకుంది. ఇంట్లో జక్కయ్య మంచం మీద ఉన్నాడు, చేతికి పని లేదు, కమిటీ కూలి ఇస్తానంది. ఒప్పుకోక ఏం చేస్తుంది?

మొదటి ఆదివారం ఆ దారం వేళ్ల మధ్య పట్టుకుని, "ఇది గంజి తాగదు కోటయ్యా," అంది నాతో.

"నీళ్లు చల్లితే చాలంటన్నాడక్కా," అన్నాను. ఆ మాట నా నోటితో నేనే అన్నాను.

ఎండ నెత్తికెక్కే వేళ, పది నుంచి పన్నెండు దాకా, ఏ నేతగాడూ నూలు బయట పెట్టని వేళ, సుబ్బరత్నం రెండు తొట్ల మధ్య ఒట్టి నీళ్లు చల్లి కుంచెతో దువ్వుతుంది. జనం వీడియోలు తీస్తారు. దుర్గాప్రసాద్ షాపులోకి వెళ్లి మిల్లు చీరలు కొంటారు. నా కొట్టుకూ వస్తారు, అబద్ధం ఎందుకు, బేరాలు పెరిగాయి. ఆ డబ్బుతో కొన్న అన్నమే తింటున్నాను.

మొన్న ఆదివారం ఒకావిడ, చేతిలో ఫోను పట్టుకుని, చాలా మర్యాదగా అడిగింది. "ఈ పడుగుతో ఏ చీర నేస్తారండీ? అయ్యాక కొనుక్కుందామని."

సుబ్బరత్నం కుంచె ఆపలేదు. "ఏ చీరా నెయ్యరమ్మా. పన్నెండింటికి చుట్టి లోపల పెడతారు. వచ్చే ఆదివారం మళ్లీ ఇదే తీసి పరుస్తాం."

అడిగినావిడ నవ్వాలో వద్దో తెలియక నా వైపు చూసింది. దుర్గాప్రసాద్ షాపు మెట్ల మీద నుంచి, "పిన్నీ, వచ్చినవాళ్లతో కాస్త మంచిగా చెప్పాలి," అని కేకేశాడు. సుబ్బరత్నం సరేనంది.

పన్నెండు కొట్టింది. ఆవిడ పడుగు చుట్టి నా చేతికిచ్చి ఇంటికి వెళ్లింది. కార్యదర్శిని కదా, దాన్ని దాచే పని నాదే. తీసుకెళ్లి నా కొట్లో అరలో పెట్టాను, అమ్మే బట్టల పక్కన.