మడతలక్క మడిచిన పారాచూట్

జీతం చీటీ మీద తప్ప ఆవిడ సొంత పేరు ఎక్కడా వినిపించేది కాదు. అంతరిక్ష కేంద్రంలో వెనకవైపున్న పొడవాటి హాల్లో పారాచూట్లు మడిచే పని కాబట్టి అందరికీ మడతలక్క. ఆ కేంద్రం బస్సు నడిపే మొగుడు కూడా సాయంత్రాలు అందరి ముందే, "మడతలక్కగారూ, దిగుతారా, డిపోదాకా వస్తారా?" అని ఏడిపించేవాడు. ఆవిడ పెదవి బిగించి దిగేది. మెట్టు దాటాక నవ్వేది.

ఆ పని ఏమిటో చెప్పాలి. మనుషులను పైకి తీసుకువెళ్ళిన గది తిరిగి భూమి మీదికి పడుతున్నప్పుడు, చివర్లో దాన్ని ఆపేది ఒక గుడ్డ. నారింజ రంగు గుడ్డ, పరిస్తే ఇల్లంత. దాన్ని దిండంత సంచిలోకి మడిచి కుక్కాలి. ఎలా పడితే అలా కుక్కితే విచ్చుకోదు. పొడవాటి బల్లకు ఇటొకరు, అటొకరు ఎదురెదురుగా నిలబడి, ఒకరు అందిస్తుంటే మరొకరు అందుకుంటూ మడవాలి. అవతలి మనిషి "పట్టుకున్నా" అనేదాకా ఇవతలి మనిషి చెయ్యి వదలకూడదు. మడత జారకుండా మధ్యమధ్య ఎర్రదారంతో తాత్కాలికంగా కట్టు వేస్తారు. కట్టినవాళ్ళు దాన్ని విప్పరు. ఎదుటివాళ్ళే విప్పి, "ఎర్ర తీశా" అని పైకి చెప్పి, పక్కనున్న స్టీలు పళ్ళెంలో వేస్తారు. ఒక్క ఎర్ర కట్టు లోపల మిగిలినా గుడ్డ అక్కడ ముడుచుకునే ఉండిపోతుంది. కింద మనుషులుంటారు.

ఇంకో కట్టుబాటు కూడా ఉండేది. జంటలో ఇద్దరూ గొడవపడితే ఆ రోజు బల్ల ముట్టకూడదు. హాలు చూసే పెద్దసారు ప్రతి ఉదయం "ఇద్దరూ బాగున్నారా?" అని అడిగేవాడు. "లేదు సార్" అంటే ఎందుకని అడగడు. కుట్టుమిషన్ల దగ్గరికి పంపేవాడు. అందరూ దాన్ని కోపానికిచ్చే సెలవు అనేవారు.

మడతలక్కకు జంట ఆవిడ తోడికోడలే. మరిది పెళ్ళాం. కొత్తకోడలిగా ఇంట్లో అడుగుపెట్టినప్పుడు ఆ పిల్ల ఎండిన దుప్పట్లు మడిచిన తీరు చూసి, చెయ్యి పట్టుకుని హాలుకు తీసుకువచ్చింది మడతలక్కే. పైవాటా చిన్నదానిది, కింది వాటా పెద్దావిడది. ఇంట్లో కూరలో ఉప్పు మీద మాటలు అనుకున్నా, బల్ల దగ్గర నాలుగు చేతులూ ఒకే మనిషివిలా కదిలేవి.

ఇన్నేళ్ళ పనిలో వాళ్ళ సంచి ఒక్కటీ ఎగరలేదు. ప్రయాణం వాయిదా పడేది, దాంతోపాటు పరీక్షలూ వాయిదా పడేవి. గోదాములో ఉన్న సంచికి గడువు తీరేది. మళ్ళీ బల్ల మీదికి తెచ్చి విప్పేవాళ్ళు, ఎండబెట్టేవాళ్ళు, మడిచేవాళ్ళు. ప్రభుత్వం మారితే ఒక వాయిదా, డబ్బు రాకపోతే మరొకటి. ఇంటికి వచ్చిన చుట్టాలు "మీరు మడిచింది ఎప్పుడు ఎగురుతుందండీ?" అని అడగడం కూడా మానేశారు. ఆవిడ మాత్రం తన చేతి మడత ఆకాశంలో ఒక్కసారి విచ్చుకుంటే చాలునని లోలోపల అనుకుంటూనే ఉండేది. ఆ కోరిక ఎవరికీ చెప్పుకోలేదు. చెప్పుకుంటే అదీ వాయిదా పడుతుందేమోనన్నట్టు దాచుకుంది.

ఎట్టకేలకు మనుషులతో ప్రయాణం ఖాయమైంది. సంచి మడవాల్సిన రోజు ఉదయం చిన్నది మెట్ల మీద ఆగింది.

"అక్కా, నీకో మాట చెప్పాలి. తిట్టకు."

"తిట్టే మాటైతే సాయంత్రం చెప్పు. ఇవాళ సంచి ఉంది."

"సాయంత్రానికి ఇంకెవరో నీ చెవిన వేస్తారు. నేను కంపెనీలో చేరుతున్నా."

"ఏ కంపెనీ?"

"మన ఊళ్ళో రాకెట్ కంపెనీలు ఎన్నున్నాయక్కా?"

మడతలక్క చేతిలోని టిఫిన్ డబ్బా మెట్టు మీద పెట్టేసింది. "నేను నీకు మడత నేర్పింది వాళ్ళకు అప్పజెప్పడానికా?"

"అప్పజెప్పడమేంటి? ఇక్కడ మనం మడిచిన వాటిలో ఒక్కటైనా గాలి చూసిందా? అక్కడ నెలనెలా విమానంలోంచి జారవిడుస్తారట. చచ్చేలోగా ఒకటైనా విచ్చుకోవడం చూడాలని ఉందక్కా నాకు."

తన లోపలి మాటను ఎదుటివాళ్ళ నోట వినడం కంటే కష్టం ఇంకోటి ఉండదేమో. మడతలక్క డబ్బా తీసుకుని బస్సెక్కి, ఎప్పుడూ కూర్చునే సీటు వదిలేసి వెనక్కి వెళ్ళి కూర్చుంది.

హాల్లో పెద్దసారు అడిగాడు. "ఇద్దరూ బాగున్నారా?"

లేదంటే సంచి ఇంకెవరి చేతికో వెళుతుంది. ఇన్నేళ్ళకు వచ్చిన సంచి.

"బాగున్నాం సార్," అన్నారు ఇద్దరూ ఒకేసారి.

ఆ రోజు ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా మడిచారు. చెప్పాల్సిన మాటలు చెప్పారు. కొన్నిచోట్ల చెప్పలేదు. ఎదుటి చెయ్యి కదలిక చూస్తేనే తెలిసేంత అలవాటు కదా. తనిఖీ చేసే ఆయనకు హాల్లో సందేహం సారు అని పేరు. ఎవరినీ నమ్మని ఆ మనిషి వీళ్ళిద్దరినీ మాత్రం నమ్మేవాడు. పళ్ళెంలో ఎర్రదారాలు లెక్కపెట్టాడు. వెయ్యాల్సిన కట్ల లెక్కకు సరిపోయాయి. సంచి మూసి ముద్ర వేశారు. మరుసటి వారం చిన్నది మానేసింది. ఇంట్లో పైవాటాకూ కింది వాటాకూ మధ్య మాటలు ఆగిపోయాయి.

ఆ తర్వాత కొద్ది రోజులకే నిర్ణయం వచ్చింది. గదిని క్షేమంగా కిందికి దించే పని ఇక కంపెనీకే. హాలు మూసేస్తారు.

క్యాంటీన్లో సందేహం సారు గ్లాసు బల్లకేసి కొట్టాడు. "మనుషుల్ని పైకి పంపేది దేశమయ్యా! రేపు లాభం రాకపోతే కంపెనీ దుకాణం కట్టేస్తుంది. దేశం కట్టేస్తుందా?"

"దేశం దుకాణం తెరిస్తే కదా సారూ, కట్టెయ్యడానికి!" అన్నాడు మడతలక్క మొగుడు. అందరూ నవ్వారు.

"నువ్వు బస్సు నడుపుకోవయ్యా."

"నా బస్సు రోజూ నడుస్తోంది కదండీ. మీ రాకెట్టుకే తీరిక దొరకట్లేదు. మూడేళ్ళకోసారి మడిచే చెయ్యి మర్చిపోదా? వాళ్ళు రోజూ మడుస్తారు, వాళ్ళ చెయ్యి తిరుగుతుంది. నా పెళ్ళాం చెయ్యి ఎందులో తక్కువని ఆ అవకాశం లేకుండా చేశారు? నా బాధ అదీ."

అప్పటికి నవ్వులు ఆగిపోయాయి. మడతలక్క అన్నం ముద్ద నోటిదాకా తీసుకెళ్ళి తిరిగి గిన్నెలో పెట్టేసింది. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. ఆ రెండు నిజాల్లో దేనిలోనూ తన సంచికి చోటు లేదు.

ఎవరి ముందూ చెయ్యి చాచని ఆవిడ, పెద్దసారు గదికి వెళ్ళింది.

"సార్, హాలు మూసేస్తే మూసెయ్యండి. ఉద్యోగం పోతే పోనీ. ఆ సంచిని మాత్రం ఎగరనివ్వండి."

"నా చేతుల్లో ఏముందమ్మా?"

"మీ చేతుల్లో లేదని తెలుసు. అడగడానికి నాకు ఇంకెవరున్నారు? కాళ్ళు పట్టుకోమన్నా పట్టుకుంటా."

ఆయన కుర్చీలోంచి లేచిపోయాడు. "అంత మాట అనకు." కిటికీ వైపు తిరిగి కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. "అడిగి చూస్తాను."

ఎవరెవరి గుమ్మాలు ఎక్కాడో చెప్పలేదు. ఒక కబురు మాత్రం తెచ్చాడు. కంపెనీవాళ్ళు ఇక్కడి మడత పద్ధతి చూడాలనుకుంటున్నారు. సంచిని వాళ్ళ ముందు విప్పి చూపించాలి. ఎక్కడా లోపం లేదని వాళ్ళు ఒప్పుకుంటే, మళ్ళీ మడిచి ఇస్తే, ఈ ఒక్క ప్రయాణానికి ఈ సంచే వెళుతుంది. ఈ ఒక్కటీ బాగా జరిగితే హాలు ఉంచే మాట కూడా ఆలోచిస్తారట.

ఆ వారం రోజులూ మడతలక్క నిద్రలో కూడా వేళ్ళు కదిపేదని మొగుడు చెప్పాడు.

విప్పే రోజు కంపెనీ నుంచి ముగ్గురు వచ్చారు. ముందు నడుస్తున్నది పొట్టి జుట్టు, పొడుగు చేతుల చొక్కా ఉన్న ఒక అమ్మాయి, ఇంజనీరు. వెనక, బూడిదరంగు కంపెనీ దుస్తుల్లో చిన్నది. మడిచిన జంటే విప్పాలన్నది హాలు పద్ధతి. అందుకే పిలిపించారు.

పెద్దసారు అలవాటు కొద్దీ అడిగాడు. "ఇద్దరూ బాగున్నారా?"

ఇద్దరూ బల్లకు చెరోవైపు వెళ్ళి నిలబడ్డారు. ఆయన రెట్టించలేదు.

ముద్ర తెంపారు. నారింజ గుడ్డ పొరలు పొరలుగా బల్ల మీదికి వచ్చింది. ఒక్క మడత కూడా పక్కకు జరగలేదు. ఇంజనీరు అమ్మాయి వంగి చూసి, "అబ్బ, ఎంత బాగుంది!" అంది. మడతలక్కకు ఒళ్ళు తేలికైంది. ఎదురుగా చిన్నదాని చేతులు, తన చేతులు మళ్ళీ పాత లయలో పడ్డాయి. "పట్టుకున్నా." "పట్టుకున్నా." ఇంకో కొంచెం. గుడ్డ నడినెత్తి దగ్గరి మడత ఒక్కటే మిగిలింది.

ఆ మడత లోపల, ఆవిడ వేళ్ళకు దారం తగిలింది.

చూడకుండానే తెలిసింది. చూసింది. ఎర్ర కట్టు. ముడి కూడా తనదే.

అదే క్షణంలో చిన్నదాని అరచెయ్యి దాన్ని కప్పేసింది. వేళ్ళు ముడిని విప్పుతున్నాయి. ముఖంలో ఏ మార్పూ లేదు. కళ్ళు మాత్రం పెద్దావిడ కళ్ళల్లోకి చూశాయి, ఇన్ని వారాల తర్వాత మొదటిసారి. ఊరుకో అక్కా, తీసేస్తాను, ఎవరికీ తెలియదు. ఆ చూపులో ఉన్నదంతా మడతలక్కకు అర్థమైంది.

పళ్ళెం గుర్తొచ్చింది. ముందు రోజు చెయ్యి అలవాటు కోసం వేసే కసరత్తు మడతల దారాలను పళ్ళెంలోంచి పొద్దున్నే ఎప్పుడూ తనే పారబోసేది. సంచి మడిచిన రోజు ముఖం మాడ్చుకుని సరాసరి బల్ల దగ్గరికి వచ్చేసింది. అడుగున ఒకటి ఉండిపోయి ఉంటుంది. అందుకే లెక్క సరిపోయింది. ఈ కట్టు దగ్గర ఆ పిల్ల "తీశా" అనలేదు. తను అడగనూ లేదు. తీసేసి ఉంటుందిలే అనుకుంది. ఆ పిల్లేమో, ఇక్కడ అక్క ఇంకా కట్టు వెయ్యలేదు అనుకుని ఉంటుంది.

ఈ గుడ్డ కోసమే కదా పెద్దసారు కాళ్ళు పట్టుకుంటానంది. ఈ గుడ్డే ఎగరాలని. ఎగిరి ఉంటే?

బల్ల అంచు పట్టుకుంది. నోరు మూసుకుంటే సంచి ఎగురుతుంది. మళ్ళీ మడిచేటప్పుడు ఏ పొరపాటూ జరగదు, తమ ఇద్దరికీ అది తెలుసు. హాలు నిలుస్తుంది. చిన్నదాని పిడికిలి మెల్లగా వెనక్కి వెళుతోంది.

"ఎర్ర ఒకటి మిగిలింది," అంది మడతలక్క.

ఎవరికీ అర్థం కాలేదేమోనని మళ్ళీ అంది. "లోపల ఎర్ర కట్టు మిగిలిపోయింది సార్. మాదే తప్పు. దాని పిడికిట్లో ఉంది, చూడండి."

చిన్నది పిడికిలి విప్పింది. సందేహం సారు ఆ దారాన్ని చూసి, గోడకు ఆనుకుని అలాగే కిందికి జారి కూర్చున్నాడు.

ఇంజనీరు అమ్మాయి చెడ్డది కాదు. మెత్తగానే మాట్లాడింది. "ఇందుకేనండీ మేము యంత్రం పెట్టింది. మడతను పట్టుకున్న కొక్కెం తెరుచుకోకపోతే దీపం వెలుగుతుంది. మా దగ్గర మనుషులు ఒకరితో ఒకరు మాట్లాడుకోవాల్సిన అవసరం ఉండదు."

"ఆ రోజు మేమూ మాట్లాడుకోలేదమ్మా," అంది మడతలక్క.

సాయంత్రం బస్సులో మొగుడు అద్దంలోంచి ఆవిడను చూస్తూ వచ్చాడు. ఆగాల్సిన చోట ఆపి, ఏడిపించే మాట కోసం వెతుక్కుని, దొరక్క, ఆవిడను సొంత పేరు పెట్టి పిలిచాడు. ఆవిడ తనను కాదేమో అనుకుని పక్కసీటు వైపు చూసింది.

హాలుకు తాళం పడింది. బల్ల ముక్కలు చేసి తీసుకుపోయారు.

ప్రయాణం జరిగింది. గది తిరిగి వస్తున్న ఉదయం ఇంట్లో టీవీ పెట్టారు. ఆకాశంలో చిన్న చుక్క, దాని వెనక దారం, ఆ తర్వాత ఒక్కసారిగా తెల్లని గొడుగు విచ్చుకుంది. కంపెనీ గుడ్డ తెలుపు. "తెరుచుకుందే!" అని మొగుడు కుర్చీలోంచి లేచాడు, వెంటనే నోరు నొక్కుకున్నాడు. మడతలక్క కళ్ళు మూసుకోలేదు. ఆ తెల్ల గొడుగు ఉన్నచోట ఆవిడకు నారింజ రంగు కనిపించింది. నడినెత్తిన ముడుచుకుపోయి, ఒక పక్కకు వాలి, అలా కిందికి. ఇన్నేళ్ళూ కళ్ళు మూసుకుంటే కనిపించిన తన గొడుగు ఇక ఎప్పుడూ అలాగే కనిపిస్తుంది. కోరుకోవడానికి కూడా అది మిగలలేదు.

మేడ మీద బట్టలు ఎండాయి. లేచి వెళ్ళింది. చిన్నది అప్పటికే అక్కడ ఉంది. కంపెనీవాళ్ళు ఆ రోజు సెలవిచ్చారు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"చూశావా అక్కా?"

"చూశా. నువ్వు మడిచిందేనా?"

"యంత్రం మడిచింది. నేను దీపం చూస్తూ నిలబడ్డా."

చిన్నది దండెం మీది దుప్పటి లాగి ఒక కొస ఆవిడకు అందించింది. ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి దులిపారు, సగానికి మడిచారు, దగ్గరికి వచ్చారు. చిన్నది తన చేతిలోకి కొసలు తీసుకుంది.

"పట్టుకున్నా."

మడతలక్క వేళ్ళు వదల్లేదు.

"పట్టుకున్నానక్కా. వదులు."

"నిజంగా పట్టుకున్నావా?"

"ఇదిగో, చూడు. నా చేతిలోనే ఉంది కదా."

ఆవిడ చూసింది. గాలి దుప్పటి కిందికి దూరి, ఇద్దరి మధ్యా పొంగింది. చిన్నది ఏడుస్తూ, "వదలక్కా, వదులు," అంటూనే ఉంది. మడతలక్క పట్టు ఇంకా బిగించింది.