వీపు ఆనించని మనిషి

పరుపులు కుట్టే ఆ పెద్దాయన్ని వీధిలో అందరూ పైల్వాన్ గారనే పిలుస్తారు. వయసులో ఉండగా ఆయన పట్టని కుస్తీ లేదు. కాళ్ళు దొరకబుచ్చుకునే కుస్తీ, నడుము కింద చెయ్యి వెయ్యకూడదనే కుస్తీ, ఎదుటివాడి నడికట్టు పట్టి ఎత్తి పడేసే కుస్తీ, అన్నీ ఆడాడు. అన్నిట్లోనూ ఆయన పంతం ఒకటే. వీపు నేలకి ఆనకూడదు.

ఆ పంతమే కొంప ముంచింది. స్నానాలగదిలో సబ్బునీళ్ళ మీద కాలు జారింది. మామూలు మనిషైతే వెల్లకిలా పడి కాసేపు మూలిగి లేచేవాడు. ఈయన గాల్లోనే మెలి తిరిగి బోర్లా పడ్డాడు. బరువంతా కుడిచేతి మీద పడి మణికట్టు విరిగింది. ఎలా పడ్డారని డాక్టరు అడిగితే, స్నానాలగదితో కుస్తీ పట్టి గెలిచారని భార్య జవాబిచ్చింది.

కట్టు విప్పారు, చెయ్యి కుదురుకుంది, సూది పట్టు వచ్చింది. కానీ ఆయన మాత్రం ఇంటి కింద ఉన్న తన పరుపుల కొట్లోకి దిగడం లేదు. మేడమెట్ల దాకా వస్తాడు, కమ్మీ పట్టుకుంటాడు, ఏదో మర్చిపోయినట్టు వెనక్కి తిరుగుతాడు. కింద దూది మూటలు కట్టినవి కట్టినట్టే ఉన్నాయి. నాన్న ఇంక దిగేలా లేడు, నెలాఖరుకి కొట్టు ఎవరికైనా అద్దెకిచ్చేద్దామన్నాడు కొడుకు. ఆ పూట పెద్దాయన అన్నం సగంలో వదిలేశాడు.

అది కోడలు చూసింది. ఆమె బడిపిల్లలకి జూడో నేర్పుతుంది, ఎదుటివాళ్ళ కోటు పట్టుకుని పడేసే ఆట. కాపురానికి వచ్చిన కొత్తలోనే మావగారు ఆ ఆటని తీసిపారేశాడు. చెమటకి జారిపోయే ఒంటిని పట్టడం పనితనం గానీ, చొక్కా ఎవడైనా పట్టుకుంటాడన్నాడు. ఆ చొక్కా ఉంది కాబట్టే తప్పించుకోవడం కష్టమని ఆమె వాదించింది. మా ఆటలో కాళ్ళు పట్టుకోకూడదు అని ఆమె అంటే, అయితే ఈయనతో ఆడకు, మందు వేసుకోమని రోజూ కాళ్ళు పట్టుకోవాలి అంది అత్తగారు.

ఒక మధ్యాహ్నం కోడలు ముందుగదిలో కుర్చీలు పక్కకి జరిపి, ఆయన కుట్టిన మందపాటి పరుపు పరిచింది.

"మా దగ్గర ముందు నేర్పేది పడటం, మావయ్యా."

"ఓడిపోవడం నేర్పుతారన్నమాట."

"వీపు మీద పడితే మాకూ ఆట అయిపోతుంది. కానీ మనిషి మిగలాలిగా."

పెద్దాయన మణికట్టు తడుముకున్నాడు.

"పడతానని కాదమ్మా నా భయం. పడేటప్పుడు ఈ ఒళ్ళు నా మాట వినదు. దానంతటదే తిరిగిపోతుంది."

ఆమె తన జూడో కోటు తెచ్చి ఆయన బనీను మీద తొడిగింది. పొట్ట దగ్గర రెండు అంచులూ కలవలేదు. వంటింటి గుమ్మంలోంచి అత్తగారి నవ్వు వినిపించింది. గడ్డం గుండెకి ఆనించమని, చెయ్యి నేలకి ఊతం పెట్టకుండా ఎడమ అరచేత్తో పరుపుని చరచమని కోడలు చెప్పింది. ఆయన అన్నీ విన్నాడు. తీరా ఒరిగేసరికి ఒళ్ళు మెలి తిరిగింది, బోర్లా పడ్డాడు. మళ్ళీ అంతే. ఆ తర్వాతా అంతే.

అప్పుడు గమనించాడు, తను ఒరిగిన ప్రతిసారీ ఆమె తన కుడిచేతి మీది కోటు పట్టి పైకి లాగుతోంది.

"కుస్తీలో పడేసినవాడు మీదికొస్తాడు. నువ్వేంటి, పైకి లాగుతున్నావు?"

"పడేసినవాళ్ళే పట్టుకోవాలి మావయ్యా. తల తగలకుండా."

"మాకు చొక్కాలెక్కడివి పట్టుకోడానికి," అని గొణిగాడు. తను ఎత్తి పడేసినవాళ్ళ మొహాలు ఒకటీ అరా గుర్తొచ్చినట్టున్నాయి. కుడిచెయ్యి తనే ఆమె ముందు చాపాడు. "ఊఁ, కానీ."

పరుపు మీద అరచెయ్యి చప్పుడు గట్టిగా వినిపించింది. అత్తగారు గరిటెతో పరుగెత్తుకొచ్చింది. ఆయన వెల్లకిలా పడి, ఇంటికప్పుని కొత్తగా చూస్తున్నట్టు చూస్తున్నాడు. కుడిచెయ్యి ఇంకా కోడలి పట్టులోనే ఉంది.

దెబ్బ తగిలిందా అని భార్య అడిగింది. ఆయన వీపు అటూ ఇటూ కదిపి చూసుకున్నాడు.

"దెబ్బ కాదే, ఇక్కడ దూది ఉండకట్టింది. ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పరేం? దీన్ని విప్పి ఏకాలి. నా సామానంతా కిందుంది."

లేచాడు. కోటు విప్పలేదు. మెట్ల దగ్గర ఎడంచేత్తో కమ్మీ పట్టుకుని, ఆగి, కుడిచెయ్యి పక్కకి చాపాడు. కోడలు కోటు చెయ్యంచుని రెండు వేళ్ళతో పట్టుకుంది.

కొట్టు గుమ్మం దాటాక, ఇంక వదిలెయ్యమ్మా, సూది పట్టాలి అన్నాడు.