ఎడంచేతి కత్తెర

మా బావను వీధంతా ఎడంచేతి మాస్టర్ అంటుంది. చొక్కాలు కోస్తాడు, అదీ ఎడంచేత్తో. మామూలు కత్తెర ఆ చేతికి తెగదని, పని నేర్పిన గురువు ప్రత్యేకంగా ఒక కత్తెర చేయించి ఇచ్చాడు. ఇరవై ఆరేళ్ళుగా దాన్ని ఇంకొకరిని ముట్టనివ్వలేదు. కన్నకూతురు కాగితం కోసుకుంటానన్నా ఇవ్వని మనిషి. నేను ఆయన మరదలిని. అదే కొట్లో కిటికీ పక్కన కూర్చుని పదిహేనేళ్ళుగా కాజాలు కుడుతున్నాను. ఆయన గురించి చెప్పడానికి నాకున్నంత హక్కు మా అక్కకు కూడా లేదు.

ఆ ఏడు బావకు కుడి భుజం నొప్పి పట్టుకుంది. వీపులో రెక్క ఎముక దగ్గర మొదలై భుజం దాకా పాకేది. గంటో రెండు గంటలో పీడించి, వచ్చినట్టే పోయేది. మా వీధిలో కటింగ్ మాస్టర్లకు కుడి భుజం నొప్పి వింతేమీ కాదు. కత్తెర నొప్పి అని ముద్దుపేరు కూడా పెట్టుకున్నారు. ఎదురు కొట్లో సూట్లు కుట్టే సూట్ల మాస్టర్ బావకు పాత స్నేహితుడు, ఆ నొప్పిలో పండిపోయినవాడు.

“వచ్చిందా? ఇన్నాళ్ళకి మాలో కలిశావురా!” అని భుజం తట్టాడు. తట్టింది నొప్పి ఉన్న భుజాన్నే.

ఆయన సలహా మీద కటింగ్ బల్ల కాళ్ళ కింద ఇటుకలు పెట్టారు, వంగే పని తగ్గుతుందని. బావకు ఒరిగిందేమీ లేదు గానీ, పొట్టిదాన్ని కదా, బల్ల మీది గుడ్డ అందుకోవాలంటే నేను పీట ఎక్కాల్సి వచ్చేది. మందుల షాపులో “కత్తెర పనండీ” అంటే నొప్పి బిళ్ళలు ఇచ్చారు. కాపడాలు, మర్దనలు అన్నీ అయ్యాయి. పని లేని ఆదివారం, అదీ అక్క వేపుళ్ళు చేసిపెట్టిన మధ్యాహ్నం, నొప్పి ఇంకా ఎక్కువగా ఉండేది. వారమంతా అణిచిపెట్టిన అలసట సెలవురోజు బయటపడుతోందని అక్క తీర్మానించింది. నాకూ నిజమే అనిపించింది. మా తెలివి అంత.

ఆరు నెలలు గడిచేసరికి బావకు మాటలు తగ్గిపోయాయి. ఒకరోజు పొద్దున మెడలోని టేపు తీసి చుట్టి బల్ల మీద పెట్టాడు.

“ఇక కోయను. కొట్టు ఖాళీ చేసి, ఎవరి దగ్గరైనా మిషను మీద కూర్చుంటాను.”

మా పనిలో కోసేవాడే మాస్టర్. మిషను మీద కూర్చునేవాడు ఆయన కోసి ఇచ్చింది కుట్టాలి. ఇన్నేళ్ళు మాస్టర్‌గా బతికిన మనిషి నోట ఆ మాట వినేసరికి నాకు సూది వేలిలో దిగింది.

కత్తెరను గుడ్డలో చుట్టుకుని ఎదురు కొట్టుకు నడిచాడు. నేను వెనకాలే వెళ్ళాను.

“ఇది నీ దగ్గర ఉంచరా. తుప్పు పట్టనివ్వకు” అన్నాడు.

సూట్ల మాస్టర్ గౌరవానికన్నట్టు కత్తెర చేతిలోకి తీసుకుని, ఒక పీలిక మీద పెట్టి నొక్కాడు. గుడ్డ తెగకుండా అలుగుల మధ్య మడతపడింది. మళ్ళీ నొక్కినా అంతే.

“మొద్దుబారిందేంట్రా?”

“నిన్ననే సాన పట్టించాను. అది ఎడంచేతిది, నీకు తెగదు.”

సూట్ల మాస్టర్ తన కుడిచేతిలోని కత్తెరను చూశాడు. తరవాత బావ భుజం వంక చూశాడు.

“మరి నీకు కుడి భుజం ఎందుకు నొప్పిరా?”

“ఆ చేత్తో గుడ్డ నొక్కి పట్టుకుంటాను కదా.”

“నేను ఎడంచేత్తో పట్టుకుంటాను, ముప్పై ఏళ్ళుగా. నా ఎడం భుజం ఒక్కరోజు నొప్పెట్టలేదు!”

ముగ్గురం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. రోజుకు నలభైసార్లు ఎడంచేతి మాస్టర్ అని పిలుస్తూ కూడా ఒక్కరికీ తట్టలేదు. చంకలో బిడ్డను పెట్టుకుని సంతంతా వెతికినట్టయింది. అందరికన్నా ఎక్కువ సిగ్గుపడింది నేనే.

మధ్యాహ్నానికల్లా అక్కను కూడా వెంటబెట్టుకుని ఆసుపత్రిలో ఉన్నాం. సూట్ల మాస్టర్ కొట్టు మూసి మరీ వచ్చాడు. బావ “కత్తెర పని, డాక్టరమ్మా” అని మొదలుపెట్టాడో లేదో, “ఎడంచేత్తో కోస్తాడండీ!” అని సూట్ల మాస్టర్ అరిచాడు.

డాక్టరమ్మ నవ్వకుండా, “తిన్నాక వస్తుందా?” అని అడిగింది. అక్క ఆదివారాల సంగతి చెప్పింది. ఆవిడ బావ కుడి పక్కటెముకల కింద నొక్కి గాలి పీల్చమంది. నొప్పికి ఊపిరి సగంలోనే ఆగిపోయింది. స్కానింగ్‌లో బయటపడింది.

“పిత్తాశయంలో రాళ్ళు. నొప్పి పుట్టేది అక్కడ, నరాల దారిలో తెలిసేది వీపులో, భుజంలో. చాలామంది ఇలాగే పొరబడతారు.”

“ఎంతెంత ఉన్నాయండీ?” అంది అక్క.

“చొక్కా గుండీలంత. ఆ తిత్తినే తీసేస్తాం. పొట్ట మీద నాలుగు చిన్న గాట్లు చాలు.”

“కాజాలన్నమాట” అన్నాను. బావ పకపకా నవ్వాడు. ఆ నవ్వు విని ఆరు నెలలైంది.

ఆపరేషన్ బాగా జరిగింది. మర్నాడు మళ్ళీ భుజం లాగేసరికి బావ మొహం పాలిపోయింది. “నా రాత ఇంతేనే” అన్నాడు. ఆపరేషన్‌కని పొట్టలో నింపిన గాలి వల్ల అలా ఉంటుందని, రెండు రోజుల్లో పోతుందని డాక్టరమ్మ చెప్పింది. పోయింది. ఆవిడ చల్లగా ఉండాలి.

నెల తిరిగాక బావ కొట్టుకొచ్చి ముందు ఇటుకలు తీయించాడు. “పీట ఎక్కలేక దిగలేక నువ్వు పడే అవస్థ చూడలేకపోయాను” అన్నాడు. తరవాత కత్తెర తెచ్చుకోవడానికి వెళ్ళాడు. అది నూనె రాసి, కొత్త గుడ్డలో చుట్టి, సొరుగులో భద్రంగా ఉంది.

“నుంచో. చొక్కాకి కొలతలు తీయాలి” అన్నాడు బావ.

సూట్ల మాస్టర్ జన్మలో ఇంకొకడు కోసిన బట్ట తొడిగినవాడు కాదు. “నేనే కుట్టుకుంటాలేరా” అని గొణిగాడు.

“నోరు మూసుకుని చేతులు చాపు!”

చొక్కా బావే కోసి, బావే కుట్టాడు. కాజాలు మాత్రం నావి. ఒక్కో కాజాకూ ఒక్కో దండం పెట్టుకుంటూ కుట్టాను. సూట్ల మాస్టర్ తొడుక్కుని అద్దం ముందు నిలబడ్డాడు. కాలరు లాగాడు, చంక కుట్టు తడిమాడు. పక్కవాడి పనిలో వంక వెతకడం మాస్టర్లకు పుట్టుకతో వచ్చిన జబ్బు.

“చెప్పు, ఎక్కడుంది తప్పు?” అన్నాడు బావ.

“కుడి భుజం దగ్గర...” అని ఆగిపోయాడు.

“ఏమైంది?”

“ఏమీ లేదురా. అక్కడ ఏమీ లేదు” అంటూ సూట్ల మాస్టర్ ఆ కొత్త చొక్కా చేతితోనే కళ్ళు తుడుచుకున్నాడు.