అలల మాస్టారి లెక్క

చివరి రోజు పొద్దున ఆయన టీలో చక్కెర కలిపి, చెంచా తీసేసి, గ్లాసులో సుడి ఆగేదాకా చూస్తూ కూర్చున్నాడు. చల్లారిపోతోందని భార్య వంటింట్లోంచి ఎప్పటిలాగే సణిగింది. ఆయన ఎప్పటిలాగే వినిపించుకోలేదు. తాగి, గ్లాసు కడిగి బోర్లించి, కాస్త నడుం వాలుస్తానని గదిలోకి వెళ్ళాడు. మళ్ళీ లేవలేదు.

ఊళ్ళో అందరికీ ఆయన అలల మాస్టారు. కాలేజీలో చెప్పేది లెక్కలే అయినా ప్రాణమంతా నీళ్ళ మీదే. పెళ్ళైన కొత్తలో ఆమె తన చెల్లెలి దగ్గర వాపోయేది: "మా ఆయనకి నాకంటే బకెట్టంటేనే ముద్దు. దాన్నైతే కళ్ళప్పగించి చూస్తారు."

మాస్టారి తమ్ముడు పోవడంతో ఆ వేళాకోళాలు ఆగిపోయాయి.

రేవులో కొత్త మెట్లు కట్టేటప్పుడు, దూరాన ఓడ వెళ్తే లేచే అల ఎంతవరకు వస్తుందో లెక్కగట్టింది మాస్టారే. గోడకి కొట్టుకుని వెనక్కొచ్చే అల మరీ చిన్నదని లెక్కలోంచి వదిలేశాడు. ఆ విద్యలో అందరూ చేసే పనే అది. అడుగుమెట్టు ఒక్కటే ప్రమాదమని తేల్చి, దానికి ఎర్రరంగు వేయించాడు. గాలి లేని ఒక మధ్యాహ్నం, పడవ కోసం చూస్తూ వదినా మరిదీ ఆ మెట్ల మీదే అన్నాలు తిన్నారు. క్యారియర్ కడగడానికి అతను కిందికి దిగాడు. ఉన్నట్టుండి నీళ్ళు లేచాయి. తేలింది క్యారియర్ ఒక్కటే.

ఆ వారమే ఆమె భర్త ముందు కూలబడింది.

"కడుక్కురమ్మంది నేనేనండీ. ఎర్రమెట్టని తెలిసే పంపాను."

"ఎక్కడ నిలబడ్డా లాక్కెళ్ళేదే," అన్నాడాయన. "నా లెక్క తప్పింది. నువ్వు మధ్యలో రాకు."

ఆ మాట పట్టుకునే ఆమె బతికింది. మెల్లగా తిండి సయించింది, కంటి మీదికి కునుకొచ్చింది. ఆయనకే రెండూ కరువయ్యాయి.

కాలేజీలో పొడుగాటి గాజు తొట్టి ఉండేది. ఒక చివర అల పుట్టించే పలక, రెండో చివర రేవు మెట్ల నమూనా. ఒక అల అయ్యాక నీళ్ళు పూర్తిగా కుదుటపడేదాకా రెండోది పుట్టించకూడదు. పాతదాని మిగులు కొత్తదాన్లో కలిసిపోతుంది. అద్దంలా ఉన్న నీళ్ళని చూసి కూడా ఆయన "ఇంకా ఉంది" అనేవాడు. ఇంట్లో అన్నం ముందు కూర్చుని, ఎవరూ ఏమీ అడక్కుండానే అదే మాట అనేవాడు. ఇక వదిలేయండని ఆమె ఎన్నిసార్లు బతిమాలినా, ఈ ఒక్కటీ చూసి వదిలేస్తానని ఏళ్ళు గడిపాడు.

ఆయన పోయాక, తొట్టి దగ్గర వదిలేసిన ఆయన కళ్ళజోడూ చెప్పులూ తెచ్చుకోవడానికి ఆమె కాలేజీకి వెళ్ళింది. తొట్టి చూసుకునే మెకానిక్కు అందులో నీళ్ళు ఖాళీ చేస్తున్నాడు. మాస్టారి లెక్కలో తప్పు చివరికి దొరికిందా అని అడిగింది.

"తప్పెక్కడిదమ్మా? వదిలేసిన అలని కలిపి చూసినా నీళ్ళు ఎర్రమెట్టు దాటి రెండో మెట్టు ఎక్కలేదు. మొదటి ఏడాదే తేలిపోయింది."

"మరి ఇన్నేళ్ళూ ఏం చేశారు?"

"ఎలాగైనా ఎక్కించాలని చూశారమ్మా. నమూనాలో గోడ జరిపించారు, ఓడ లేపే అలని పెద్దది చేయించారు. ఎక్కలేదు."