గేటు దాటని ఆడపడుచు

ఆడబిడ్డ అర్ధమొగుడు అంటారు. పెళ్ళయిన కొత్తలో ఆ మాట తలుచుకుని హడలిపోయాను కానీ, నాకు దొరికిన ఆడబిడ్డ మా గుమ్మం తొక్కి ఆరేళ్ళు దాటింది. పెత్తనం చేయాలన్నా మనిషి ఇంటికి రావాలి కదా!

ఆమె సైంటిస్టు. పశువులకు వచ్చే గాలికుంటు వ్యాధి వైరస్ కణంలోకి ఎలా దూరుతుందో కనిపెట్టడం ఆమె పని. నేను మాత్రం కణాలమ్మ అని పిలుస్తాను. ఆమె అన్నకు, అంటే మా ఆయనకు, ఊరి చివర పాల డెయిరీ ఉంది. నలభై ఆవులు. ఇల్లూ కొట్టమూ ఒకే ప్రహరీలో ఉంటాయి. చిక్కంతా అక్కడే వచ్చింది.

వాళ్ళ ల్యాబ్‌లో ఒక నియమం ఉంది. లోపలికి వెళ్ళినవాళ్ళు బయటికొచ్చాక వారం దాకా గిట్టలు చీలిన ఏ జంతువు దగ్గరికీ పోకూడదు. బయటికొచ్చేటప్పుడు తలారా స్నానం చేస్తారు, బట్టలు అక్కడే వదిలేస్తారు, కళ్ళజోడును కూడా మందునీళ్ళతో కడుగుతారు. అయినా ఆ వైరస్ ముక్కులోనో గొంతులోనో ఒకటి రెండు రోజులు నక్కి ఉండవచ్చట. మనిషికి ఏమీ కాదు. ఆ మనిషి వచ్చి ఆవుల మధ్య తుమ్మితే మాత్రం కొట్టం కొట్టమంతా మంచాన పడవచ్చు. ఈమె రోజూ ల్యాబ్‌కి పోతుంది కాబట్టి ఆ వారం ఎప్పటికీ పూర్తికాదు.

"ఓ పది రోజులు సెలవు పెట్టి రావచ్చుగా?" అని ఒకసారి అడిగాను.

"ల్యాబ్‌లో నేను పెంచే కణాలకి రెండు రోజులకోసారి మేత మార్చాలి వదినా. ఇంకొకళ్ళ చేతికిస్తే పాడు చేస్తారు. అన్నయ్య ఎప్పుడైనా పది రోజులు సెలవు పెట్టాడా?"

పెట్టలేదు. మా పెళ్ళిరోజున కూడా పాలు పితికే వచ్చాడు మహానుభావుడు. ఆ మాటే ఆయనకు చెబితే, "ఆవులూ కణాలూ ఒకటేనా?" అని ముఖం తిప్పుకున్నాడు. పోనీ మేమే వాళ్ళింటికి వెళ్ళామా, తిరిగి వెళ్ళగానే స్నానం చేసి బట్టలు మార్చుకునిగానీ కొట్టంలో అడుగు పెట్టొద్దని మరీ మరీ చెప్పి పంపేది. "చెల్లెలింటికెళ్ళొచ్చి ఒళ్ళు తోముకోవడమేంటే?" అని దారిపొడుగునా నా మీద విసుక్కునేవాడు. పోను పోను వెళ్ళడమే మానేశాడు. చదువు ఎక్కువై చెల్లెలికి పేడకంపు గిట్టడం లేదని ఆయన నమ్మకం. పాలు పోయించుకునేవాళ్ళు కూడా అదే అనేవారు. లోకులు కాకులు అని నేను వదిలేశాను, ఆయన వదల్లేదు. మొండివాడు రాజుకన్నా బలవంతుడు.

ఆమె ఈ పనిలోకి ఎందుకు వచ్చిందో ఆయనకు తెలియక కాదు. వాళ్ళ చిన్నప్పుడు మామగారి కొట్టంలోకి గాలికుంటు వచ్చింది. పెద్ద ఆవులు నోట్లో పుళ్ళతో, కుంటుకుంటూ ఎలాగో బయటపడ్డాయి. దూడలే పోయాయి. తల్లి దగ్గర పాలు తాగుతూ తాగుతూనే కూలిపోయేవట. ఆ వైరస్ పసి దూడల గుండెను పట్టుకుంటుంది. ఆ ఏడు బతికి బట్టకట్టింది ఒకే ఒక్క పెయ్యదూడ. దాన్ని సీసాతో పాలు పట్టి పెంచింది ఈ ఆడపడుచే.

తన పని గురించి నాకు ఒకసారి చెప్పింది. "ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారే, అలాంటిదా?" అన్నాను.

"కాదొదినా. ఇది బయటి దొంగే. కానీ తలుపు పగలగొట్టదు. కణం బయట కొక్కేల్లాంటివి ఉంటాయి, దాని సొంత అవసరానికి. వాటిని పట్టుకుని వేలాడుతుంది. కణమే దాన్ని సంచిలో చుట్టి లోపలికి తీసుకెళ్తుంది. వచ్చిందాన్ని అరిగించేద్దామని ఆ సంచిలో పులుపు పెంచుతుంది. ఆ పులుపు తగిలాకే ఈ దొంగ మూట విప్పి తన విత్తనాన్ని కణంలో వదులుతుంది."

"అంటే మనమే పిలిచి పీట వేస్తామన్నమాట."

"అంతే. పులుపు తగిలినా ఆ మూట విప్పుకోకుండా చేయొచ్చా అని చూస్తున్నాను." ఏళ్ళ తరబడి చూస్తూనే ఉంది. ఎప్పుడడిగినా "ఇంకా లేదొదినా" అనేది. అప్పు తీసుకున్నవాళ్ళు చెప్పినట్టు చెబుతోందని మా ఆయన అనేవాడు.

ఇక దొరసాని సంగతి. ఆ బతికిన పెయ్యకు పుట్టిన సంతతిలో చివరిది. నుదుటి మీద తెల్లమచ్చ, నడకలో టెక్కు, అందుకే ఆ పేరు. మొన్న అది తొలిచూలు ఈనింది.

మధ్యాహ్నం నొప్పులు మొదలయ్యాయి. దూడ మూతి, ఒక కాలు బయటికొచ్చి ఆగిపోయాయి. రెండో కాలు లోపల మడత పడింది. పశువుల డాక్టరు ఇంకో ఊళ్ళో ఆపరేషన్‌లో ఉన్నాడు. మా ఆయన చెయ్యి మణికట్టు దాటి లోపలికి పోవడం లేదు. దొరసాని నాలుక వేలాడేసింది. ఆయన కాలుకాలిన పిల్లిలా తిరిగి తిరిగి, చివరికి చెల్లెలికి ఫోన్ చేశాడు. చిన్నప్పుడు కొట్టంలో ఇలాంటివి చక్కబెట్టింది ఆమె చిన్న చేతులే మరి.

అరగంటలో ఎర్ర కారు వచ్చింది. గేటు దాకా రాలేదు, అవతల రోడ్డు మలుపులోనే ఆగిపోయింది. ఈయన గేటు దగ్గరికి పరిగెత్తాడు. ఫోన్ స్పీకర్‌లో ఉంది.

"రావే! అక్కడ ఆగావేంటి?"

"పొద్దున ల్యాబ్‌లో ఉన్నానన్నయ్యా. లోపలికి రాలేను."

"నా కొట్టం, నా ఆవులు. నేను రమ్మంటున్నాను కదా!"

"నీకు నలభై ఉన్నాయి. అన్నిటికీ అంటుకుంటే?"

"దొరసాని చచ్చిపోతుందే! ఇప్పుడు రాకపోతే ఇంకెప్పుడూ రావద్దు."

"వదిన చేతులు చిన్నవి. ఫోన్ వదినకివ్వు," అంది.

పాలు కొలవడం, బేరాలాడటం, ఎగ్గొట్టేవాళ్ళను దులిపేయడం, ఇవి నా పనులు. ఆవు తోక కిందికి నేనెప్పుడూ పోలేదు. "నాకు వాంతొస్తుందే!" అన్నాను.

"వాంతి తర్వాత చేసుకుందువుగానీ. గాజులు తీసెయ్, గోళ్ళు కత్తిరించు, మోచెయ్యి దాటేదాకా సబ్బు రుద్దు."

మా ఆయన వీడియో పెట్టి ఫోన్ నా ముందు పట్టుకున్నాడు. ఆమె కారులో కూర్చుని, స్వెట్టర్ చేతిలోకి తన చెయ్యి మడిచి దూర్చి చూపించింది. గుప్పిటే గిట్ట, మణికట్టే మోకాలు.

"అది ముక్కేటప్పుడు ఆగు. ముక్కడం ఆపాక తలను వెనక్కి నెట్టు. మోకాలు దొరికిందా? అక్కణ్ణుంచి కిందికి జారు. గిట్టని నీ అరచేతిలో మూసుకుని ముందుకి తీసుకురా. మూసుకోకపోతే గర్భసంచి చీరుకుపోతుంది."

చెయ్యి రోట్లో పడ్డట్టయింది. వేళ్ళు తిమ్మిరెక్కాయి. మోకాలు దొరికింది. పట్టుకోగానే అది కాలు వెనక్కి లాక్కుంది. బతికే ఉంది! నేను భోరుమన్నాను.

"ఏడుస్తూనే లాగు వదినా," అందామె.

గిట్ట వచ్చింది. తర్వాత మా ఆయన రెండు కాళ్ళూ పట్టి లాగాడు. దూడ కింద పడింది, కదల్లేదు. "గడ్డిపుల్ల ముక్కులో పెట్టి తిప్పు," అని కేకేసింది. తిప్పాను. దూడ గట్టిగా తుమ్మి కళ్ళు తెరిచింది. పెయ్యే.

మా ఆయన దూడను గోనెపట్టాతో తుడిచాడు, రెండు చేతులా ఎత్తుకున్నాడు, గేటు దాటి రోడ్డెక్కాడు. చెల్లెలికి చూపించడానికి పోతున్నాడు. "ఆగన్నయ్యా, ఆగు!" అని ఫోన్ అరుస్తోంది, కానీ ఫోన్ నా చేతిలో ఉంది.

ఎర్ర కారు స్టార్టయింది. వెనక్కి వెళ్ళింది. ఈయన ముందుకు నడిచాడు. కారు మళ్ళీ వెనక్కి వెళ్ళింది. ఈయన ఎంత నడిస్తే అది అంత వెనక్కి పోతోంది. ఈయన ఆగాడు. కారూ ఆగింది. అద్దంలోంచి ఆమె రెండు చేతులూ జోడించి కనిపించింది.

పేడకంపు గిట్టక కాదు, ఆవుల కోసమే దూరంగా ఉంటోందని ఆరేళ్ళుగా నేను నోరు నొప్పెట్టేలా చెప్పిన సంగతి అప్పుడు ఆయన బుర్రకెక్కింది. వెనక్కి తిరిగి, నడిచి వచ్చి, గేటు లోపల నిలబడ్డాడు. ఆమె కూడా నెమ్మదిగా మలుపు దాకా వచ్చి, కారు దిగి నిలబడింది. నేను ఫోన్ ఆయన చెవి దగ్గర పెట్టాను.

"నుదుటి మీద మచ్చ ఉందా అన్నయ్యా?"

"నువ్వే చూసుకో."

"కనపడట్లేదు. ఇంకాస్త పైకెత్తు."

ఆయన దూడను ఛాతీ మీదికి ఎత్తాడు. ముప్పై కిలోలు ఉంటుంది, జారిపోతోంది. లోపల దొరసాని అరుస్తోంది.

"చాలా?" అన్నాడు.

"ఇంకొంచెంసేపు," అందామె.

ఆయన దించలేదు.