పడవ గదిలో తలాపు

మావయ్యగారు ఆ పడవ ఎక్కేనాటికి మాకు నిశ్చయంగా తెలిసినది కొద్దే. గుండె ఆపరేషన్ గాయం మానింది. ప్రయాణానికి డాక్టరు ఒప్పుకున్నారు. అయినా పడుకుంటే మళ్లీ లేవనేమోనన్న భయంతో ఆయన నెలల తరబడి కుర్చీలోనే కునికేవారు. అత్తయ్యగారూ నేనూ వంతులు వేసుకుని మేలుకునేవాళ్లం. నీళ్ల మీద నిద్ర బాగా పడుతుందన్నది మాత్రం పక్కింటివారి మాట. భౌతికశాస్త్రం చెప్పేదాన్ని కనుక దానికి ఆధారం లేదన్నాను. గది మాత్రం బుక్ చేశాను.

నర్సాపురం దిగువన, గోదావరికి సముద్రపు ఆటుపోట్లు తగిలే చోట, పడవ ఒక్క లంగరు మీద ఆగింది. కింద చిన్న క్యాబిన్లు, పైన రెండు సూట్లు. మా సూట్‌లో సోఫా ఉన్న ముందుగది, తెర అవతల పడకగది, దానికి ఒకటే పెద్ద కిటికీ. అందులోంచి అస్తమిస్తున్న సూర్యుణ్ణీ, తర్వాత మంచాన్నీ చూసి మావయ్యగారు ఆగిపోయారు.

"అమ్మాయ్, తలాపు ఉత్తరానికుంది. నేను పడుకోను."

గది చూపిస్తున్న ఉద్యోగి నొచ్చుకున్నాడు. "మంచం నేలకి బిగించేశామండి. కింద క్యాబిన్లలోనూ ఇంతేనండి."

"కుర్చీ ఉందిగా," అన్నారాయన.

"కుర్చీలో కునకడానికి ఇంత దూరం రావాలాండీ? మన వరండాలో లేదా కుర్చీ?" అంటూ అత్తయ్యగారు దిండు తీసి కాళ్లవైపు వేశారు. "ఇదిగో, దక్షిణం. పడుకోండి."

"పోటు వస్తే పడవ..." అని నేను మొదలుపెట్టగానే ఆవిడ నా మోచేయి గిల్లారు. "నీ సైన్సు రేపు చెబుదువుగాని."

ఆయన నడుం వాల్చారు. తెర పక్కకి తీసి మేమిద్దరం సోఫాలో కాపలా కూర్చున్నాం.

నన్ను లేపింది ఎండ. అదే కిటికీలోంచి. నిన్న పడమరను చూపిన కిటికీ ఇప్పుడు తూర్పును చూపుతోంది. పోటుకు పడవ పూర్తిగా వెనక్కి తిరిగిందన్న మాట. మావయ్యగారి తల సరిగ్గా ఉత్తరానికి ఉంది. వెల్లకిలా పడుకుని, నోరు కాస్త తెరిచి, గురక పెడుతున్నారు. అత్తయ్యగారు కిటికీని చూశారు, ఆయన్ని చూశారు, మెల్లగా కిటికీ కర్టెన్ లాగారు.

"అడిగితే ఏం చెప్దామండి?" అన్నాను.

"ముందు లేవనీ."

లేచాక ఆయన అడిగింది కాఫీ. తాగాక, "ఇవాళ కూడా ఇక్కడే ఉంటే ఏంటి?" అన్నారు.

ఉత్తరానికి తల పెట్టి ఆయన ఎంతసేపు నిద్రపోయారన్నది నేటికీ తేలలేదు. పడవ ఎప్పుడు తిరిగిందో చూసి ఉండవలసిన మేమిద్దరమూ అప్పటికి నిద్రలోనే ఉన్నాం.