రొయ్యల పచ్చడి వెనక పేజీ

ఆ రోజుల్లో నవల రాయడం పెద్ద కష్టమేమీ కాదు, రాసినదాన్ని దక్కించుకోవడమే కష్టం. ఇప్పటి పిల్లలు నమ్మరుగానీ, తొంభైల్లో వారపత్రికకు సీరియల్ రాస్తూ నాలాంటి బుద్ధిమంతురాళ్ళు చేత్తో రాసిన కాగితాలను నకలైనా తీసుకోకుండా కవర్లో పెట్టి పోస్టు చేసేసేవాళ్ళు. పోనీ, అచ్చయి వచ్చిన సంచికలైనా దాచుకోవద్దూ? కొల్లేటి ఒడ్డున చేపల వ్యాపారం చేసుకునే ఇంట్లో పుట్టి, బెజవాడ పటమటలో మా మేనత్త దగ్గర ఉండి చదువుకుని, పాతికేళ్ళు నిండకుండానే పత్రికలో పేరు చూసుకున్నదాన్ని. దాచుకుంటే నలుగురికీ ఎలా తెలుస్తుంది? అందుకని వచ్చిన సంచికను వచ్చినట్టే బంధువులకు పంచిపెట్టాను. (చదివి ఇచ్చేస్తామన్నారు. ఇప్పటికీ అంటూనే ఉన్నారు.)

సీరియల్ అయిపోయిన కొన్నాళ్ళకు, వన్ టౌన్‌లో పుస్తకాలు వేసే ఒక పెద్దమనిషి కబురు పెట్టాడు. ఆయనకు నేను పెట్టుకున్న పేరు సోమవారంగారు. ఏ పనైనా సరే, ఆయనకు సోమవారానికల్లా అయిపోవాలి. తోపుడుబళ్ళను తప్పించుకుంటూ వెళ్ళి ఇరుకు మెట్లెక్కితే, కాఫీ తెప్పించి, "మీ సీరియల్ మా ఇంట్లో ఆడవాళ్ళు ఒక్క వారం వదల్లేదండీ. పుస్తకం వేసేద్దాం. మ్యాటరు సోమవారానికి తెచ్చిచ్చెయ్యండి. ఆలస్యమైతే మాత్రం ఆ ప్రెస్సు టైము ఇంకొకరి నవలకి ఇచ్చేస్తాను, తర్వాత నన్ననుకోకూడదు" అన్నాడు. నా మొదటి పుస్తకం! ఎగురుకుంటూ మెట్లు దిగి ఆటో ఎక్కాక గుర్తొచ్చింది, నా దగ్గర మ్యాటరే లేదని. అదే ఆటోలో పత్రికాఫీసుకు పోతే, ఆఫీసు మారినప్పుడు పాత సంచికలన్నీ తూకానికి వేసేశామన్నారు. నాకు అక్కడే ఏడుపొచ్చేసింది.

ముక్కు ఎగబీల్చుకుంటూ ఇంటికొచ్చి సంగతి చెబితే మా అత్తయ్య, "ఎందుకే ఆ శోకాలు? నేను కుట్టించి పెట్టాగా" అంది. మా అత్తయ్య సంగతి చెప్పాలి. మా తాతయ్య ససేమిరా అన్నా వినకుండా, ఆయన్ని ఎదిరించి మావయ్యను చేసుకుని పటమట వచ్చేసిన మనిషి. నచ్చిన సీరియల్ పేజీలు వారంవారం చింపి దాచి, చివర్న బైండు చేయించుకోవడం ఆ రోజుల్లో చాలా ఇళ్ళల్లో ఉండేది. అత్తయ్య నా సీరియల్‌కు తన పాత చీర ముక్కతో అట్ట కూడా వేయించి బీరువాలో పెట్టింది. బతికాన్రా దేవుడా అనుకుని ఆవిణ్ణి పట్టుకుని గిర్రున తిప్పేశాను. "వదలవే, నడుం పట్టేస్తుంది!" అని అరుస్తున్నా వినలేదు.

ఆ సంతోషం సగం పుస్తకం దాకా నిలిచింది. సరిగ్గా కథకు ప్రాణం లాంటి చోట ఒక పేజీ లేదు. మా హీరోయిన్ పెళ్ళికి తండ్రి ఒప్పుకోడు. తండ్రీకూతుళ్ళిద్దరూ కొల్లేట్లో పడవ మీద ఉంటారు. కూతురు తండ్రితో ఒక మాట అంటుంది. ఆ మాట ఉన్నదే పోయిన పేజీలో. తర్వాతి వారం, "ఆ మాట వినగానే తండ్రి చేతిలోని గడకర్ర నీళ్ళలోకి జారిపోయింది" అని మొదలవుతుంది.

"అత్తయ్యా, ఈ పేజీ ఏదీ?"

"ఓ, అదా! దాని వెనకాల రొయ్యల పచ్చడి ఉందే. పక్కింటి పిన్నిగారు ముచ్చటపడితే ఇచ్చేశా. చదివేశాంగా, ఇంకెందుకని!"

ఆ పిన్నిగారు ఇల్లు ఖాళీ చేసి భిలాయ్‌లో కూతురి దగ్గరికి వెళ్ళిపోయింది. అడ్రసు ఎవరి దగ్గరా లేదు.

"పోనీ మళ్ళీ రాయి. నువ్వు రాసిందేగా?" అంది అత్తయ్య.

"ఏం రాశానో గుర్తు రావట్లేదు."

"నువ్వే రాసి నువ్వే మర్చిపోయావా? బాగుంది సంబడం!"

శనివారమంతా రాశాను, కొట్టేశాను. నా హీరోయిన్ ఎంత గొంతు చించుకున్నా ఆ తండ్రి గడకర్ర వదిలితేనా! ఆదివారం పొద్దున వంటింటి గుమ్మంలో కూలబడి, పుస్తకం పోయినట్టే అత్తయ్యా అన్నాను. అత్తయ్య కత్తిపీట ముందు కూర్చుని చేప తోముతోంది. "నాకు గుర్తుంది, రాసుకో" అంది. అని, చేప మీద చెయ్యి అలాగే ఆపేసి, గోడవైపు చూస్తూ చెప్పింది:

"నాన్నా, చిన్నప్పుడు పడవెక్కితే భయమేసి నీ చొక్కా పట్టుకునేదాన్ని. 'భయం లేదమ్మా, నేనున్నాగా' అనేవాడివి. ఇప్పుడు నీకు భయంగా ఉంది. నా చెయ్యి పట్టుకో నాన్నా."

ఇంత బాగా రాశానా నేను! ఉన్నదున్నట్టు దింపేశాను. సోమవారంగారికి సోమవారమే అందింది.

తర్వాత నేను చాలా నవలలు రాశాను. కానీ ఏ పుస్తకాల స్టాలు దగ్గర నిలబడ్డా అందరూ ఆ పడవ మాట గురించే అడుగుతారు. ఒక పెద్దాయనైతే, "అది చదివాకే మా అమ్మాయి పెళ్ళికి సరేనన్నానమ్మా" అని కళ్ళొత్తుకున్నాడు. ఎలా రాశారండీ అంటే, అలా వచ్చేసిందండీ అనేదాన్ని. (వచ్చిన మాట నిజమే, వంటింట్లోంచి.) లోపల మాత్రం ఒకటే బెంగ. అసలు పేజీలో ఇంకా గొప్పగా రాశానేమో, అది పోయిందేమో అని.

ఈమధ్య, అంటే సెల్‌ఫోన్లు అందరి చేతుల్లోకీ వచ్చాక, ఎవరిదో పెళ్ళికని పిన్నిగారు బెజవాడ వచ్చి, అత్తయ్యను చూడటానికి పటమట వచ్చింది. నేనూ అక్కడే ఉన్నాను. "పచ్చడి చేతికి అలవాటైపోయిందమ్మా, ఇంక ఇదెందుకు" అంటూ సంచీలోంచి నూనె మరకల కాగితం ఒకటి తీసిచ్చింది. గబుక్కున అందుకుని తిప్పి చూశాను.

"నాన్నా! ప్రేమ ఒక అగ్నిపర్వతం! అంతస్తులనే మంచుగడ్డలు దాన్ని చల్లార్చలేవు!!" (చేపల లోడుకు మంచుగడ్డలు కొట్టే ఇంట్లో పుట్టినదాన్ని, అవి మాత్రం నా సొంతం.) పేజీ నిండా అదే ఉపన్యాసం. ఇది విన్నాక గడకర్రేం ఖర్మ, తండ్రే నీళ్ళలో దూకాల్సింది! అమ్మయ్య! ఇన్నేళ్ళ బెంగా ఒక్కసారిగా దిగిపోయింది. ఆ రొయ్యల పచ్చడికి మనసులోనే ఒక దణ్ణం పెట్టుకున్నాను.

అప్పుడు తోచింది, మరి ఆ మాట ఎక్కడిదని. మా తాతయ్య కొల్లేట్లో పడవ నడిపేవాడు. అత్తయ్య ఆ మాట ఆయనతో అందో, అనాలనుకుని అనలేకపోయిందో.

"ఏముందే అందులో? నేను చెప్పినట్టే ఉందా?" కళ్ళజోడు వెతుక్కుంటూ అడిగింది అత్తయ్య.

"అక్షరం పొల్లుపోకుండా ఉందత్తయ్యా."

"మరి! నేను మర్చిపోతానా?" అంది, పిన్నిగారి వైపు గర్వంగా చూస్తూ.

కళ్ళజోడు దొరికేలోపే కాగితం వెనక్కి తిప్పి, రొయ్యలు ఎలా వేయించాలో గట్టిగా చదవడం మొదలుపెట్టాను.